ఇనుము తగలని పొయ్యి

మా ఇంట్లో కట్టెల పొయ్యికి ఇద్దరు శత్రువులు. ఒకరు దాన్ని పగలగొట్టిస్తానని పట్టుబట్టిన మా ఆయన. రెండోవారు దానికి రోజూ దండం పెట్టే మా అత్తగారు. మొదటాయన సంగతి ఎవరికైనా వెంటనే అర్థమవుతుంది. రెండోవారి సంగతి నాకే చాలా ఆలస్యంగా అర్థమైంది. ఇద్దరిలో ఎవరూ దాని మీద వంట చెయ్యరు. చేసేదాన్ని నేను. అయినా దాని గురించి ఏదైనా తేల్చాల్సి వస్తే అందరూ మాట్లాడాక ఆఖర్న నా వంతు వస్తుంది, అప్పటికి అంతా తేలిపోయి ఉంటుంది.

నా పేరు సాయిదుర్గ. బోయిగూడలో సందు చివరి ఇల్లు మాది. మా మామగారు వరహాలబాబు గారు రైల్వే ఉద్యోగం మీద ఎలమంచిలి నుంచి సికింద్రాబాద్ వచ్చి ఈ ఇల్లు కొనుక్కున్నారు. ముందు పెరట్లో రేకుల కింద పొయ్యి కట్టుకుని, ఆ తర్వాతే గోడలకి సున్నం వేయించారట. రెండు కళ్ళ పొయ్యి అది. ముందున్న నోట్లో కట్టె పెడితే మంట మొదటి కన్ను కింద మండుతుంది. అక్కణ్ణుంచి లోపలి సొరంగంలో పాకి రెండో కన్ను కిందకి పోతుంది. మిగిలిన పొగ ఇంకాస్త వెనక్కి వెళ్ళి సిమెంటు గొట్టంలోంచి పైకి పోతుంది. ఆయన పోయి చాలా కాలమైంది గాని, ఆయన కట్టిన పొయ్యి ఇన్నాళ్ళూ ఎవరినీ ఇబ్బంది పెట్టలేదు.

నాకు దీనితో ఉన్న పని దిబ్బరొట్టి. మా వైపు వాళ్ళకి చెప్పక్కర్లేదు, తెలియనివాళ్ళ కోసం చెబుతాను. మినప్పిండిలో బియ్యపు రవ్వ కలిపి, మందపాటి ఇత్తడి గిన్నెలో నూనె పోసి, పిండిని మందంగా సర్ది మూత పెట్టాలి. కింద సన్నటి సెగ ఉండాలి, మూత మీద నిప్పులు ఉండాలి. పైనా కిందా ఒక్కసారే ఎర్రగా కాలి, లోపల మెత్తగా రావాలి. గ్యాసు మీద పెడితే కింద మాడిపోతుంది, పైన పాలిపోయి చూస్తూ ఉంటుంది. దాన్ని రొట్టి అనడానికి నాకు నోరు రాదు.

ప్రతి ఆదివారం పొద్దున్న మా పెరట్లో రొట్టెలు కాలుతాయి. కార్ఖానా ఏరియా నుంచీ, బేగంపేట నుంచీ మా జిల్లాలవాళ్ళు డబ్బాలు పట్టుకుని వస్తారు. దుర్గ గారి రొట్టి అంటారు. లోవరాజు గారి భార్య రొట్టి అనరు, లోవమ్మ గారి కోడలి రొట్టి అనరు. ఈ ఊళ్ళో నా పేరుతో ఉన్నది అదొక్కటే. ఇల్లు మా ఆయన పేరు మీద ఉంది, కరెంటు బిల్లు ఇప్పటికీ మామగారి పేరుతో వస్తుంది, ఆఖరికి గ్యాసు కనెక్షను కూడా అత్తగారిదే.

ఇక అత్తగారి దండాల సంగతి. లోవమ్మ గారి పుట్టింటి ఆచారం ప్రకారం పొయ్యి సాక్షాత్తూ లక్ష్మీదేవి, దాని ఒంటికి ఇనుము తగలకూడదు. బూడిద కొబ్బరి చిప్పతోనే తియ్యాలి, కట్టెలు కర్రతోనే ఎగదొయ్యాలి. పటకారు నిప్పుని పట్టుకోవచ్చు. అదే పటకారు పొయ్యి అంచుకి తగిలిందా, ఆవిడ లెంపలు వేసుకుని నా చేత కూడా వేయిస్తారు. శుక్రవారం పొద్దున్నే ఎర్రమట్టీ పేడా కలిపి పొయ్యి అలికి, బియ్యప్పిండితో ముగ్గు పెట్టాలి. ఈ అలకడం మాత్రం ఆవిడ సొంత హక్కు, నన్ను ముట్టుకోనివ్వరు. వంటకి వంగని మోకాళ్ళు అలకడానికి బ్రహ్మాండంగా వంగుతాయి. పీట వేసుకుని, మోచేతి దాకా మట్టి చేసుకుని, పొయ్యి ఒంటికీ, కళ్ళ లోపలికీ, సొరంగంలోకీ చెయ్యి పోయినంత మేరా పూస్తారు. లోపల పూస్తే ఎవరు చూస్తారండీ అని ఒకసారి అడిగాను. "తల్లి సూత్తాది" అన్నారు. ఆ చర్చ అక్కడితో ముగిసింది.

ఈ మధ్య పొయ్యి పొగ చిమ్మడం మొదలుపెట్టింది. ముందు కొద్దిగా, తర్వాత బాగా. గొట్టంలోంచి పోవాల్సిన పొగ రెండు కళ్ళలోంచీ నోట్లోంచీ వెనక్కి తన్నుకొచ్చేది. కళ్ళు మండి, ముక్కు కారి, కొంగు అడ్డం పెట్టుకుని ఊదేదాన్ని. కార్తీకం చలికి ఆ పొగ పైకి లేవకుండా పిట్టగోడ దాటి పక్కింట్లోకి పోయేది. పక్కిల్లు పర్వీన్ వాళ్ళది. ఆమె అత్తగారు బానో బీకి ఉబ్బసం. ఆవిడ మంచం మా పెరటి వైపు కిటికీ పక్కనే ఉంటుంది.

ఒక ఆదివారం నేను రొట్టెలు తిప్పుతుండగా పక్కింట్లో కేకలు వినబడ్డాయి. పర్వీన్ భర్త అతీక్ తల్లిని రెండు చేతులతో ఎత్తుకుని ఆటోలో కూర్చోబెట్టి ఆస్పత్రికి తీసుకెళ్ళాడు. నేను పొయ్యిలో నీళ్ళు పోసి, రొట్టెల కోసం వచ్చినవాళ్ళని వెనక్కి పంపేశాను. సాయంత్రం పర్వీన్ మా గుమ్మంలోకి వచ్చింది.

"అక్కా, లొల్లి చేసెటందుకు రాలే," అంది. "మా అత్తకు దమ్మున్న సంగతి నీకు తెల్వనిది కాదు. ఇయ్యాల గాలి అందక కండ్లు తేలేసింది. గిట్ల పొగొస్తే ఆమె ఎట్ల బతుకుతది? నువ్వే చెప్పు."

"ఇప్పుడెలా ఉన్నారు?"

"ఇంజెక్షన్ ఇచ్చిన్రు, జెర నయమే. నీ రొట్టి మాకు సుత ఇష్టమే అక్కా. గానీ మాకు అత్త ఎక్కువ."

ఆమె అన్నది న్యాయం. నేను పర్వీన్‌కి ఒక్కటే చెప్పాను, పొగ ఆపేదాకా పొయ్యి వెలిగించనని. ఆమె తలూపి వెళ్ళిపోయింది. మా ఆయన ఇదంతా సోఫాలోంచి విన్నారు. బేగంపేటలో ఇన్సూరెన్సు ఆఫీసులో పెద్ద ఉద్యోగం ఆయనది, మెట్రోలో వెళ్ళి మెట్రోలో వస్తారు, ఇంట్లో ఏ సమస్యనైనా ఫోన్లో తేల్చేస్తారు.

"పాల్ మేస్త్రీతో మాట్లాడేశాను," అన్నారు కాసేపటికి. "వచ్చే ఆదివారం వచ్చి పగలగొట్టేస్తాడు. అక్కడ టైల్స్ వేయించి వాషింగ్ మెషీన్ పెట్టుకుందాం."

"నన్నడగలేదేం?"

"ఇందులో అడగడానికేముంది దుర్గా? పొగ వస్తోందా లేదా?"

"వస్తోంది."

"మరింకేం. ప్రాక్టికల్‌గా ఆలోచించు. నీకు మంచి ఓవెన్ కొనిస్తాలే."

కొనిస్తాలే. ఈ ఒక్క ముక్కతో నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. చంటిపిల్ల చేతిలోది లాక్కుని ఇంకోటి ఇస్తాలే అన్నట్టు ఉంది ఆయన ధోరణి. "మీ పాల్ మేస్త్రీని రావద్దనండి, నేను బాగుచేస్తాను" అన్నాను. ఆయన నవ్వి టీవీ పెట్టుకున్నారు. లోపల్నుంచి అత్తగారు శోకాలు మొదలుపెట్టారు.

"ఒలమ్మో, పొయ్యి పడగొడితే ఇల్లు నిలబడతాదేట్రా? నాను సచ్చినాక పడగొట్టుకో."

"మీరు చావక్కర్లేదు అత్తయ్యగారూ, నేను బాగుచేస్తానంటున్నాగా," అన్నాను.

"దానికేటీ రోగం లేదు. కట్టెలు పచ్చివి, అంతే."

సరే, కట్టెల దగ్గర్నుంచే మొదలుపెట్టాను. సామిల్లు నుంచి తెచ్చిన సరుగుడు చీలికలన్నీ డాబా మీద ఎండలో పరిచాను. రంగేసిన చెక్కలూ, ప్లైవుడ్డు ముక్కలూ ఏరి అవతల పారేశాను, అవి మండితే వచ్చే వాసన ఏ ఊపిరితిత్తికీ మంచిది కాదు. పర్వీన్ వాళ్ళు బానో బీని తీసుకుని బంధువులింటికి వెళ్ళిన పూట చూసి, బాగా ఎండిన చీలికలు నాలుగు వెలిగించాను. పొగ ఎప్పటిలాగే నా మొహం మీదకి వచ్చింది.

కట్టెలు కాకపోతే గొట్టం అయి ఉండాలి. తాడు చివర ఇటుక ముక్క కట్టి, దాని పైన కొబ్బరి పీచు గుత్తిగా చుట్టి, డాబా ఎక్కి గొట్టంలోకి దింపాను. పైకీ కిందకీ ఆడిస్తుంటే లోపల మసి పెళ్ళలు పెళ్ళలుగా రాలడం వినబడింది. కిందకి దిగి, గొట్టం మొదట్లో ఉన్న ఇటుక ఊడదీసి, చేట నిండా మసి ఎత్తాను. ఆ ఖాళీలోంచి తల వంచి పైకి చూస్తే గుండ్రటి ఆకాశం కనిపించింది. నా మొహం, మెడ, జుట్టు నల్లగా అయిపోయాయి. ఆఫీసు నుంచి వచ్చిన మా ఆయన నన్ను చూసి, "ఎందుకీ అవస్థ, ఆదివారం ఎలాగూ పోయేదేగా" అన్నారు. ఆయన మంచినీళ్ళు తాగుతున్న గ్లాసు ఆయన చేతిలోనే ఉండనిచ్చాను. అది నా గొప్పతనం.

మర్నాడు ఇటుక మళ్ళీ పెట్టి, పర్వీన్‌తో చెప్పి కిటికీ మూయించి, కొద్దిగా వెలిగించి చూశాను. పొగ తగ్గలేదు. కట్టెలు ఎండినవి, గొట్టం శుభ్రంగా ఉంది, అయినా పొగ వెనక్కే వస్తోంది. నీళ్ళు చల్లి లేచిపోయాను.

ఆ మధ్యాహ్నం సందులోకి చిలగడదుంపల బండి వచ్చింది. ఎర్రటి దుంపల్ని చూడగానే మామగారు గుర్తొచ్చారు. నా పెళ్ళయిన కొత్తలో ఆయన సాయంత్రం డ్యూటీ దిగి వచ్చి, పెద్ద పెద్ద దుంపల్ని రెండో కన్నులోంచి వెనక సొరంగంలోకి తోసేసేవారు. మా వంటలు ముగిసేసరికి అవి తియ్యగా కాలి ఉండేవి. ఆ తర్వాత ఎప్పుడో మానేశాం. ఎందుకు మానేశామో ఎవరికీ గుర్తు లేదు, నేను కూడా ఆలోచించలేదు.

దుంపలు కొని, వాటిలో ఒకటి తీసుకుని రెండో కన్నులోంచి వెనక్కి తోశాను. వెళ్ళలేదు. అంతకంటే చిన్నది తీసుకున్నాను, అదీ వెళ్ళలేదు. మూడు వేళ్ళంత సన్నదాన్ని తోస్తే సగం దూరి ఇరుక్కుపోయింది. అప్పుడు చెయ్యి పెట్టి తడిమాను. సొరంగం ఉండాల్సిన చోట చక్కగా, నున్నగా అలికిన గోడ ఉంది. మధ్యలో రెండు వేళ్ళు పట్టేంత కంత మాత్రం మిగిలింది. ఆ మట్టి మీద అత్తగారి వేళ్ళ చారలు నా వేళ్ళకి తెలుస్తున్నాయి.

నేను అక్కడే కూలబడ్డాను. ప్రతి శుక్రవారం ఒక పూత. నా పెళ్ళికి ముందు నుంచీ, పండగలకీ, నోములకీ అదనంగా ఇంకో పూత. పూసిందల్లా మంటకి కాలి గట్టిపడుతుంది, దాని మీద మళ్ళీ ఇంకోటి. ఎవరూ ఏనాడూ గీకలేదు, ఎందుకంటే గీకాలంటే ఇనుము కావాలి. ఆవిడ భక్తి అంతా కలిసి పొయ్యి గొంతులో అడ్డం పడింది. నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే కోపం వచ్చింది.

అత్తగారిని పిలిచి, ఆవిడ చెయ్యి పట్టుకుని లోపల పెట్టించాను. ఆవిడ తడిమి చూసి చెయ్యి గబుక్కున వెనక్కి తీసుకున్నారు.

"అంటే ఏటంటావే? నా సేత్తో నానే పొయ్యి పీక నొక్కీసినానంటావా?"

"అవునండీ," అన్నాను.

"నాను తప్పు సేసినానా? మీ మామ బతికున్నప్పట్నించీ సేస్తన్నాను. మాయమ్మ సేసింది, మాయమ్మమ్మ సేసింది!"

"వాళ్ళ పొయ్యిలకి గొట్టాల్లేవు అత్తయ్యగారూ. వానాకాలానికోసారి పడగొట్టి కొత్తవి కట్టుకునేవారని మీరే చెప్పారు. ఇది మామగారు నిలబడాలని కట్టిన పొయ్యి. గీకకపోతే ఆదివారం మీ అబ్బాయి పడగొట్టిస్తారు."

ఆవిడ చేతికంటిన మసి కొంగుకి తుడుచుకున్నారు. తర్వాత గొంతు గట్టిచేసుకున్నారు. "ఇనుమెడితే నానొప్పుకోను. అలాగెట్టినావంటే ఈ పొయ్యి మీద వొండింది ముద్ద ముట్టను. సెప్పేస్తన్నాను."

"ముట్టకండి. లోపల గ్యాసు ఉంది, మీ పేరు మీదే ఉంది."

ఇలా అత్తగారికి ఎదురు చెప్పడం నాకు అలవాటు లేదు. నోరు జారిందనుకుంటారేమో, జారలేదు. తెలిసే అన్నాను. ఆవిడ గుడికి వెళ్ళే వేళ చూసుకుని దొంగచాటుగా గీకేసి ఉండొచ్చు. కాని నా పొయ్యిని నేను బాగుచేసుకోవడానికి దొంగతనం ఎందుకు చెయ్యాలి? పట్టపగలు, ఆవిడ ఎదురుగా, అదీ శుక్రవారం అలుకుడికి ముందే, గురువారం పూటే చెయ్యాలనుకున్నాను.

ఆవిడ మాట మీద గౌరవంతో ముందు వెదురు బద్దతో ప్రయత్నించాను. బద్ద విరిగింది గాని మట్టి ఒక్క రవ్వ రాలలేదు. ఏళ్ళ తరబడి కాలిన మట్టి, ఇటుకకి తక్కువేం కాదు. అప్పుడు మా ఆయన సామాను పెట్టెలోంచి పొడుగాటి స్క్రూడ్రైవరూ, సుత్తీ తెచ్చాను. అత్తగారు ఎదురుగా పీట వేసుకుని కూర్చున్నారు. నేను స్క్రూడ్రైవరు మొన లోపల ఆనించి సుత్తితో ఒక్కటి వేశాను. ఆవిడ చెవులు మూసుకుని, "తల్లీ, లోవతల్లీ, దీన్ని సమించు" అని మొదలుపెట్టారు.

"నాకోసం దండం పెట్టకండి," అన్నాను సుత్తి ఎత్తుతూ. "నేను తప్పు చెయ్యట్లేదు."

మొదటి పెచ్చు ఊడింది. దాన్ని తిప్పి చూస్తే ఎర్రటి గీత, నల్లటి గీత, మళ్ళీ ఎరుపు, మళ్ళీ నలుపు. పూత, మసి, పూత, మసి. ఒక్క పెచ్చులో ఎన్ని శుక్రవారాలున్నాయో. వాటిల్లో ఏదో ఒక శుక్రవారం నాకు జ్వరం, అయినా లేచి మట్టి పిసికి ఇచ్చాను. ఇంకో శుక్రవారం మామగారు పోయి మైల తీరిన రోజు. నాకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే కొట్టాను. చెయ్యి వాచింది, మోచెయ్యి దోక్కుపోయింది, కొంగంతా మట్టి అయింది. సొరంగం అవతలి వైపు నుంచి, గొట్టం మొదట్లో ఇటుక తీసిన చోటు నుంచి కూడా కొట్టాను. చివరికి అటు పెట్టిన స్క్రూడ్రైవరు మొన ఇటు పెట్టిన నా అరచేతికి తగిలింది.

ఆ మట్టి పెచ్చులు రెండు తట్టలయ్యాయి. చెత్తబండిలో వెయ్యలేదు. తులసి మొక్క చుట్టూ పోశాను, ఆ మాత్రం మర్యాద నాకూ తెలుసు. తర్వాత తీసిన ఇటుక మళ్ళీ పెట్టి, సుత్తి దెబ్బలకి పడిన బీటల్లో మట్టీ జల్లించిన బూడిదా కలిపి పల్చగా మెత్తాను. పెద్ద మంట పెడితే మళ్ళీ పగులుతుంది కాబట్టి బొగ్గు కణికలతో పొగ రాని చిన్న సెగ పెట్టి ఆరబెట్టాను. మర్నాడు శుక్రవారం. అత్తగారు మట్టి గిన్నెతో వచ్చి పొయ్యి ముందు నిలబడ్డారు. నేను అడ్డం నిలబడ్డాను.

"ఒంటికి ఎంతైనా పూసుకోండి. కళ్ళలో మాత్రం చెయ్యి పెట్టకండి."

"నాకు సెప్తన్నావా?"

"చెప్తున్నాను."

ఆవిడ మట్టి గిన్నె అక్కడే పెట్టి లోపలికి వెళ్ళిపోయారు. ముగ్గు పడలేదు.

శనివారం మధ్యాహ్నం పర్వీన్‌ని పిలిచి, ఇవాళ వెలిగించి చూస్తాననీ, బానో బీని లోపలి గదిలో పడుకోబెట్టి, తను డాబా మీద నిలబడి చూడమనీ చెప్పాను. పొగ వస్తే ఒక్క కేక వెయ్యి, నీళ్ళ బిందె పక్కనే ఉంది, వెంటనే ఆర్పేస్తానన్నాను. ఆమె సరేనని పైకెళ్ళింది. నేను కాగితం ముడిచి, మీద సన్నపుల్లలు పేర్చి అగ్గిపుల్ల గీశాను. మంట ముందు కొంచెం తడబడింది. తర్వాత లోపలికి వంగి, ఎవరో వెనక నుంచి లాగుతున్నట్టు సొరంగంలోకి పోయింది. రెండో కన్ను కింద ఎర్రటి నాలుక కనిపించింది. ఎన్నేళ్ళయిందో అక్కడ మంట చూసి. లావు చీలికలు పెట్టాను. నా కళ్ళు మండలేదు. గొట్టం మీద చెయ్యి ఆనిస్తే చుర్రుమంది.

పై నుంచి పర్వీన్ కేకేసింది. నేను నీళ్ళ బిందె అందుకున్నాను.

"అక్కా! ఎంతసేపు నిలబడాలె? షురూ చేస్తవా, చెయ్యవా?"

మంట ముందు కూర్చుని పగలబడి నవ్వాను.

ఆ సాయంత్రం మా ఆయనతో, "పొగ ఆగింది, పాల్‌ని రావద్దనండి" అన్నాను. ఆయన ఫోను నుంచి తల ఎత్తకుండా, "మాటిచ్చేశాను దుర్గా, రేపు చూద్దాం" అన్నారు. నా మాట కంటే మేస్త్రీకిచ్చిన మాట గట్టిదన్నమాట. సరే, రేపే చూద్దామనుకున్నాను. నానబెట్టిన పప్పు రుబ్బి, రొట్టెలున్నాయని వాడుక వాళ్ళందరికీ కబురు పెట్టాను.

ఆదివారం పొద్దున్నే రెండు కళ్ళ మీదా రెండు గిన్నెలు ఎక్కాయి. మూతల మీద నిప్పులు మెరుస్తున్నాయి. డబ్బాలతో వచ్చినవాళ్ళు పెరట్లో వరసగా నిలబడ్డారు, వాళ్ళ చివర పర్వీన్ పళ్ళెంతో వచ్చి చేరింది. సరిగ్గా అప్పుడే పాల్ మేస్త్రీ భుజం మీద గడ్డపారతో లోపలికి వచ్చాడు. వెనకాల మా ఆయన.

"దుర్గా, పొయ్యి ఆర్పు. పాల్ వచ్చాడు."

"పొగ ఎక్కడుందో చూపించండి, ఇప్పుడే ఆర్పేస్తాను."

ఆయన పొయ్యిని చూశారు, గోడని చూశారు, గొట్టం పైకి చూశారు. అక్కడ వేడికి గాలి కదులుతోంది, అంతే. వరసలో ఉన్నవాళ్ళందరూ ఆయన్నే చూస్తున్నారు. ఆయనకి ఇబ్బందిగా ఉంది. ఇబ్బందిగా ఉన్నప్పుడు మొండితనం ఎక్కువవడం ఆయన అలవాటు.

"ఇవాళ రాలేదు సరే. రేపు మళ్ళీ వస్తే? మేస్త్రీ ఊరికే వచ్చాడా? ముందు ఆ గొట్టం పీకెయ్ పాల్," అన్నారు.

పాల్ ఒక అడుగు వేశాడో లేదో, లోపల్నుంచి అత్తగారు వచ్చి పొయ్యికీ అతనికీ మధ్య నిలబడ్డారు. మూడు రోజుల కోపం ఆవిడ మొహంలో అలాగే ఉంది.

"ఒరే రాజా, ఈ పొయ్యి నాను అలికినాను. అది గీకింది. నువ్వేటి సేసినావురా దీనికి? ఒక్క పూటైనా ఊదినావా?"

"అమ్మా, నువ్వే కదా దీని మీద వండింది తిననన్నావు!"

"తినను. ఇప్పుడూ తినను. దానికీ నాకూ ఉన్న గొడవ మేం సూసుకుంటాం. మజ్జిలో నువ్వెవడివి పడగొట్టడానికి?"

పాల్ గడ్డపార కిందకి దించాడు. "సార్, మీరు కొట్టమంటున్రు, పెద్దమ్మ వద్దంటున్నది. నన్నేం చెయ్యమంటరు?"

మా ఆయన చేతులెత్తేశారు. అందరికీ వినబడేలా, పెద్దమనసు చేసుకున్నవాళ్ళ గొంతుతో అన్నారు.

"సరేలే దుర్గా, ఉంచుకో."

గడ్డపారని చూసినప్పుడు కూడా నాకు ఇంత కోపం రాలేదు. చేతిలో పటకారుతోనే లేచి నిలబడ్డాను.

"ఉంచుకోమనడానికి మీరెవరండీ? పగలగొట్టేటప్పుడు నన్నడగలేదు, ఇప్పుడు ఉంచుకోమని సెలవిస్తున్నారా? మసి తీసింది నేను. మట్టి గీకింది నేను. అత్తయ్యగారితో మాట పడింది నేను. పొగ వస్తే తప్పు నాది, పొగ రాకపోతే దయ మీదా? మీరు ఉంచితే ఉండే పొయ్యి కాదిది. అక్కర్లేదు మీ దయ."

ఎవరో దగ్గబోయి ఆపుకున్నారు. నేను కళ్ళు దించలేదు. పాల్ వైపు తిరిగాను.

"మేస్త్రీ, వచ్చావు కదా, పని చేసి వెళ్ళు. ఈ గొట్టం పర్వీన్ వాళ్ళ డాబా కంటే పైకి పోవాలి. ఇంకో గొట్టం ముక్క అతికించి, వాన నీళ్ళు పడకుండా మీద టోపీ పెట్టు."

"కట్టుడు నాకు ఇంకా మంచిదమ్మా," అని పాల్ గడ్డపార గోడకి ఆనించి, గొట్టం కొలతలు చూడటం మొదలుపెట్టాడు.

మా ఆయన ఇంకా అక్కడే నిలబడి ఉన్నారు. అంతమంది ముందు ఏం అనాలో తెలియని మొహంతో, నెమ్మదిగా అడిగారు.

"అయితే ఇప్పుడు నన్నేం చెయ్యమంటావు?"

నేను మూత మీది నిప్పులు పక్కకి తోసి, గిన్నె తెరిచాను. రొట్టి చుట్టూ ఎర్రగా కాలింది. దాన్ని తిరగేసి, మొదటి ముక్క కోసి, బానో బీ కోసమని పర్వీన్ పళ్ళెంలో వేశాను. తర్వాత ఆయన్ని చూశాను.

"రొట్టి కావాలా?"

"కావాలి."

"అయితే పళ్ళెం తెచ్చుకుని వరసలో నిలబడండి."

ఆయన వాళ్ళమ్మ వైపు చూశారు. ఆవిడ మొహం తిప్పుకున్నారు. పాల్ వైపు చూశారు, పాల్ గొట్టం వైపు చూస్తున్నాడు. ఇక చేసేది లేక లోపలికి వెళ్ళి పళ్ళెం తెచ్చుకుని, అందరికంటే ఆఖర్న నిలబడ్డారు.